గ్లోబల్ అనే విశేషణం: ఒక సవినయ సమర్థన

గ్లోబల్ అనే విశేషణాన్ని ఈమధ్య అందరూ ఆడిపోసుకుంటున్నారు. అపార్టుమెంటు సెల్లారులో నడిచే బడికి గ్లోబల్ స్కూలు అని పేరేమిటి, రెండు కుర్చీలూ ఒక అద్దమూ ఉన్న క్షౌరశాల గ్లోబల్ సెలూన్ ఎలా అయింది, వీసా కాగితాలు నింపిపెట్టే ఇరుకు గది గ్లోబల్ కన్సల్టెన్సీ ఏమిటి అని మూతి విరుస్తున్నారు. విద్యాశాఖ వారు సైతం బడుల పేర్లకు ఇలాంటి తోకలు తగిలించవద్దని అప్పుడప్పుడు హెచ్చరిస్తుంటారు. తోకలు మాత్రం ఎప్పటిలాగే ఊగుతుంటాయి. నేను బోర్డుల పక్షం. నిఘంటువులనూ భూగోళాన్నీ తిరగేసి చూశాక, ఆ బోర్డులు రాయించినవారిలో ఒక్కరు కూడా అబద్ధమాడలేదని నిర్ధారణకు వచ్చాను. ఆధారాలు సమర్పిస్తున్నాను.

ఇంగ్లీషులో ఈ మాట 1670ల నాటిది. అప్పుడు దానికి గుండ్రంగా ఉన్నది అని మాత్రమే అర్థం. ప్రపంచమంతటికీ సంబంధించినది అనే అర్థం ఫ్రెంచివారి వాడుక ద్వారా 1892లో గాని వచ్చి చేరలేదు. అంటే రెండు వందల ఏళ్లకు పైగా ఇది వట్టి ఆకారవాచకం. ఆ లెక్కన గ్లోబల్ అనిపించుకునే మొదటి హక్కు పూర్ణం బూరెది, రెండోది పునుగుది. సాయంత్రం పూట బండి మీద పునుగులు వేసే మనిషి రేపు తన బండికి ఆ పేరు పెట్టుకుంటే నవ్వవలసిన పనిలేదు. వ్యుత్పత్తి శాస్త్రం ఆయన వెనక నిలబడుతుంది. గారెకు మాత్రం అనుమతి ఇవ్వలేం, మధ్యలో చిల్లుంది. భూమి గోళాకారంలో ఉందని, కడిమి పువ్వు చుట్టూ కేసరాలున్నట్టు దాని చుట్టూ ప్రాణులున్నాయని ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే రాశాడు. అంతటివాడికీ ఇవాళ ఏ గ్లోబల్ స్కూల్లోనూ సీటు దొరకదనుకోండి. తల్లిదండ్రులిద్దరూ ఇంగ్లీషులో ఇంటర్వ్యూ ఇవ్వాలి కదా.

ఇక గోళం సంగతి. నేటికీ మిగిలి ఉన్న భూగోళపు నమూనాల్లో అతి పాతది 1492 నాటిది. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో మార్టిన్ బెహైమ్ అనే ఆయన చేయించాడు. కొలంబస్ బయలుదేరింది కూడా ఆ ఏడే గనుక ఆ గోళం మీద అమెరికా లేదు. యూరప్‌కూ ఆసియాకూ మధ్య ఉన్నదంతా సముద్రమూ దీవులూ. మన గ్లోబల్ బడులు ఆ లోపాన్ని పూర్తిగా సరిదిద్దాయి. ఇక్కడి గోళం మీద అమెరికా ఉంటుంది, తక్కినదంతా సముద్రం. ఆ వీసా రానివారి నిమిత్తం కెనడా, ఆస్ట్రేలియా అని రెండు దీవులు గీసిపెడతారు. బొలీవియా ఏ ఖండంలో ఉందని ఎవరూ అడగరు గాని, డల్లాస్‌లో ఇంటి అద్దెలు ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా కంఠతా వచ్చు. ప్రాస్పెక్టస్‌లో విశ్వపౌరులను తయారుచేస్తామని ఉంటుంది, తరగతి గదిలో తెలుగు మాట్లాడితే జరిమానా ఉంటుంది. రెంటికీ పొసగదని కొందరి ఆక్షేపణ. ఎందుకు పొసగదు? విశ్వపౌరుడు విశ్వంలో ఎవరికైనా అర్థం కావచ్చు, వాళ్ల అమ్మమ్మకు తప్ప.

అయితే నా వాదనకు ఆయువుపట్టు వ్యుత్పత్తిలోనూ లేదు, భూగోళంలోనూ లేదు. కంప్యూటర్ శాస్త్రంలో ఉంది.

ప్రోగ్రాములు రాసేవారు ఒక విలువకు పేరు పెట్టి దాచుకుంటారు, దాన్ని వేరియబుల్ అంటారు. ఒక్క ఫంక్షన్ లోపల, అంటే ప్రోగ్రాములో ఒక్క పని చేసిపెట్టే ముక్క లోపల మాత్రమే పనికొస్తే అది లోకల్. ప్రోగ్రాములో ఎక్కడి నుంచి పిలిచినా పలికితే అది గ్లోబల్. ఇక్కడ ‘ఎక్కడి నుంచైనా’ అంటే భూమండలం మీద ఎక్కడి నుంచైనా అని కాదు, ఆ ఒక్క ప్రోగ్రాము లోపల అని. దాని గడప దాటితే ఆ పేరు గలది ఒకటుందని ఎవరికీ తెలియదు. పైథాన్ భాషలో పరిస్థితి మరీ కఠినం. ఒక ఫైలులో గ్లోబల్‌గా వెలిగిపోయేది పక్క ఫైలు ప్రత్యేకంగా దిగుమతి చేసుకుంటే తప్ప అక్కడ అనామకం. కంప్యూటర్ కోర్సు చదివిన మన పిల్లలందరూ ఈ సంగతి నేర్చుకున్నారు, పరీక్షలో రాశారు, మార్కులు తెచ్చుకున్నారు. మరి బోర్డు చూసి మాత్రం ఎందుకు వెక్కిరిస్తారో అర్థం కాదు. అమీర్‌పేట సందులోని గ్లోబల్ బడినే తీసుకోండి. ఈ చివర పాలబూతు నుంచి ఆ చివర ట్రాన్స్‌ఫార్మరు దాకా ఎవరిని అడిగినా దారి చెబుతారు. సందు మలుపు తిరిగితే ఆటోవాలా కూడా ఎరగడు. శాస్త్రం చెప్పిన లక్షణాలన్నీ ఉన్నాయా లేవా?

ఇంకో లక్షణం కూడా కలిసింది. గ్లోబల్ వేరియబుల్ హానికరమని 1973లోనే విలియం వుల్ఫ్, మేరీ షా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వ్యాసం రాశారు. ప్రోగ్రాములో ఏ మూల నుంచైనా దాని విలువ మార్చేయవచ్చు, తరువాత ఎవరు మార్చారో పట్టుకోవటం గగనం. ఆ బళ్లలో ఫీజు సరిగ్గా ఇటువంటిదే. జూన్‌లో ఒక విలువ, దసరాకు ఇంకొక విలువ. ఎవరు మార్చారని అడిగితే కౌంటరులోని అమ్మాయి ప్రిన్సిపాలు గదిని చూపిస్తుంది. ప్రిన్సిపాలు మేనేజ్‌మెంటు అంటారు. మేనేజ్‌మెంటు ఎక్కడుంటుందంటే ఆయన సీలింగు ఫ్యాను వైపు చూస్తారు.

ఏది గ్లోబల్, ఏది కాదు అని తేల్చే అధికారం ఎవరిదన్న సందేహం మిగిలి ఉంటే అది 2017 నవంబరులో హైదరాబాదులో తీరిపోయింది. గ్లోబల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ సమ్మిట్ అనే సదస్సుకు అప్పటి అమెరికా అధ్యక్షుని కుమార్తె ఇవాంకా ట్రంప్ వచ్చారు. సదస్సుకు ముందే నగర పోలీసులు రెండు నెలల పాటు వీధుల్లో యాచన నిషేధించారు. కూడళ్ల దగ్గర ఉండేవారిని జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. 2000లో బిల్ క్లింటన్ వచ్చినప్పుడు కూడా ఇటువంటి సర్దుబాటే జరిగింది గనుక దీన్ని సంప్రదాయం అనవచ్చు. సదస్సు లోపల స్టార్టప్ కుర్రవాళ్లు ఇన్వెస్టర్ల ముందు నిలబడి కొంచెం సొమ్ము ఇప్పించమని అడిగారు. బయటినుంచి తరలించినవారు కూడా అడిగేది అదే. తేడా అల్లా, వీరి దగ్గర స్లైడ్లు లేవు.

ఈ విశేషణానికి దిక్కులను తారుమారు చేసే శక్తి కూడా ఉంది. కెనడా పండితుడు మార్షల్ మెక్‌లూహన్ 1960లలో ప్రపంచం గ్లోబల్ విలేజ్ అయిపోతోందన్నాడు. అందరూ సంబరపడ్డారు, పాపం ఆయన మన ఊళ్లు చూసినట్టు లేదు. ఊరన్నాక వాడ కూడా ఉంటుంది. కొద్దికాలానికే, 1969లో, కార్ల్ ఓగ్లెస్‌బీ అనే అమెరికా రచయిత వాడకు, అంటే పేద, వర్ధమాన దేశాలకు, పేరు పెట్టాడు: గ్లోబల్ సౌత్. హైదరాబాదు భూమధ్యరేఖకు 17 డిగ్రీల ఉత్తరాన ఉంది. కన్యాకుమారితో సహా దేశంలోని ప్రతి ఊరూ ఉత్తరార్ధగోళంలోనే ఉంది. అయినా మనం సౌత్. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ఆపాదమస్తకం దక్షిణాన ఉన్నాయి, అయినా అవి సౌత్ కావు. 2023 జనవరిలో ఆ దక్షిణపు గొంతు వినిపించే సదస్సును ఉత్తరార్ధగోళం నుంచి మనమే నిర్వహించాం. ఒక్క విశేషణం ముందు పెడితే దిక్కు ఆదాయాన్ని బట్టి తిరుగుతుందన్నమాట. వాస్తు పండితులు ఇంకా దీన్ని గమనించలేదు. గమనిస్తే గోడలు పగలగొట్టించే ఖర్చు తప్పుతుంది, నైరుతి గది తలుపు మీద గ్లోబల్ ఈశాన్యం అని రాయించుకుంటే సరిపోతుంది.

నూటికి నూరుపాళ్లు ఈ మాటకు తగినది నాకు తెలిసి ఎండ ఒక్కటే. రామగుండం విద్యుత్ కేంద్రం పొగగొట్టంలోంచి లేచి వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ ఏడాది రెండేళ్లలో దక్షిణార్ధగోళపు గాలిలోనూ కలిసిపోతుంది, బోర్డు కూడా పెట్టుకోదు. ఇంగ్లీషువారు గ్లోబల్ వార్మింగ్ అనే ఆ వేడికి మనవాళ్లు భూతాపం అని చక్కటి తెలుగు పేరు పెట్టి పక్కన కూర్చోబెట్టారు.

ఇక ఈ విశేషణం దక్కనివారు. 1892లో ఆ మాటకు ప్రపంచమంతా అనే అర్థం వస్తున్ననాటికే కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువారు రంగూన్‌లో మూటలు మోస్తున్నారు. ఆ రేవు పేరు మీదే బర్మాలో వారిని కోరంగీలన్నారు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేర్చిన చెరకుతోటల కూలీల్లో తెలుగువారున్నారు. మారిషస్‌కు అంతకు ముందే వెళ్లారు. సముద్రాలు దాటినా వారెవరూ గ్లోబల్ కాలేదు, కూలీలు అనే మాటతోనే సరిపెట్టుకున్నారు. ఇవాళ జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి దుబాయి, మస్కట్ వెళ్లేవారిదీ, కడప, కోనసీమల నుంచి ఇంటి పనికి కువైట్ వెళ్లే ఆడవారిదీ అదే వరస. అరబ్బీలో సేఠ్ తిట్లు, హిందీలో ఫోర్‌మన్ తిట్లు, మలయాళంలో క్యాంపు మెస్సువాడి తిట్లు అర్థమయ్యేవాడు బహుభాషావేత్త కాడు, గల్ఫ్ కార్మికుడు. పదో తరగతి దాటనివాడైతే, గల్ఫ్ లాంటి దేశాలకు పనికి వెళ్లే ముందు వేరే అనుమతి తీసుకోవాలని అతని పాస్‌పోర్టుకు ప్రభుత్వం ఒక ప్రత్యేక షరతు తగిలిస్తుంది. మరోపక్క, గచ్చిబౌలిలో 14వ అంతస్తులో కూర్చుని అర్ధరాత్రి దాటాక న్యూజెర్సీవారి లెక్కలు సరిచూసే కుర్రవాడు ఔటర్ రింగ్ రోడ్డు దాటి వెళ్లింది ఒక్క యాదగిరిగుట్టకే. అతను పనిచేసేది మాత్రం గ్లోబల్ కేపబిలిటీ సెంటర్‌లో, అంటే విదేశీ కంపెనీ తన పనులు చేయించుకోవటానికి ఇక్కడ పెట్టుకున్న ఆఫీసులో. ఒకప్పుడు ఇలాంటి వాటిని బ్యాక్ ఆఫీసులు అనేవారు. పెరటి గుమ్మం మీద విశేషణం వేలాడదీసేసరికి అది వీధి గుమ్మమైంది.

ఈ కేంద్రాలనే పొట్టిగా జీసీసీలంటున్నారు. దీనితో ఒక పరిపాలనా సమస్య వచ్చిపడింది. విశాఖపట్నంలో జీసీసీ అంటే 1956 నుంచీ గిరిజన సహకార సంస్థ. మన్యంలో గిరిజనులు సేకరించిన తేనె, చింతపండు, కుంకుడుకాయలు, వారు పండించిన కాఫీ గింజలు కొని అమ్మే సంస్థ. దుబాయి వెళ్లొచ్చినవారికి జీసీసీ అంటే 1981లో ఏర్పడిన ఆరు గల్ఫ్ దేశాల మండలి. ఇప్పుడు గచ్చిబౌలిది మూడోది. మొదటి జీసీసీ కొనే అరకు గింజకు ఎంత పేరంటే 2017లో పారిస్ నడిబొడ్డున ఆ పేరుతోనే ఒక దుకాణం వెలిసింది. రెండో జీసీసీకి మనిషే విమానమెక్కి వెళ్తాడు. మూడోదాని నుంచి మెయిలు వెళ్తుంది. మూడింటిలో గ్లోబల్ అనే బిరుదు మెయిలుకే దక్కింది. గిరిజన సంస్థ వారు కూడా తమ మొదటి అక్షరాన్ని గ్లోబల్‌గా మార్చుకుంటే తేనె సీసా ధరను మూడింతలు చేయవచ్చు, తేనెటీగలకు అభ్యంతరం ఉండదు.

విశాఖకు కూడా కొత్తరకం జీసీసీలు తెస్తామని ప్రభుత్వం చెబుతోంది గనుక, ఆ వైపు పెళ్లి సంబంధాలు చూసేవారికి ఒక మనవి. అబ్బాయి జీసీసీలో పనిచేస్తున్నాడని మధ్యవర్తి చెప్పగానే తల ఊపకండి. తేనె సెక్షనా, డేటా సెక్షనా, దుబాయా అని అడగండి. తేనె సెక్షనంటే ముహూర్తం పెట్టేయండి. న్యూజెర్సీలో తెల్లారినా తెల్లారకపోయినా రాత్రి ఎనిమిదికల్లా ఇంటికి వస్తాడు.