కౌన్సెలర్ ఎవరి మనిషి?

“వాడికి కాస్త చెప్పండి మేడమ్, మేం చెబితే వినట్లేదు.” టీనేజీ పిల్లల్ని కౌన్సెలర్ దగ్గరికి తీసుకొచ్చే అమ్మానాన్నల మొదటి మాట చాలాసార్లు ఇదే. ఫోన్ వదలడు, పుస్తకం పట్టడు, గది తలుపు తీయడు అని చిట్టా అంతా అప్పజెప్పి బయట కూర్చుంటారు. ముప్పావుగంట తర్వాత తలుపు తెరుచుకోగానే అడిగేదీ ఒక్కటే: “ఏమన్నాడు మేడమ్?”

మొదటి మాటను బట్టి కౌన్సెలర్ తమ తరఫున మందలించే మనిషి. రెండో మాటను బట్టి తమకు కబురు చేరవేసే మనిషి. లోపలికెళ్లిన పదహారేళ్ల పిల్లవాడు ఈ రెండూ ముందే పసిగట్టి ఉంటాడు. అందుకే “ఏం లేదు, బానే ఉన్నా” అనేసి టైమ్ ఎప్పుడవుతుందా అని చూస్తుంటాడు.

హైదరాబాద్‌లో పిల్లల మానసిక ఆరోగ్యం గురించి ఎక్కడ మాట్లాడుకున్నా చర్చ కౌన్సెలర్లు చాలరన్న దగ్గర ఆగిపోతుంది. చాలరన్నది నిజమే. కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ కౌన్సెలర్ ఎవరి మనిషి? జీతమిచ్చే కాలేజీ మనిషా, ఫీజు కట్టే నాన్న మనిషా, ఎదురుగా కూర్చున్న పిల్ల మనిషా? ఇది తేల్చకుండా పోస్టులు నింపితే రిజిస్టర్లు నిండుతాయి గానీ పిల్లలు నోరు విప్పరు.

2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి మరణానికి సంబంధించిన కేసు అది. అందులో దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించేలా మార్గదర్శకాలు పెట్టింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలంది. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని, నలుగురిలో అవమానించొద్దని, శక్తికి మించిన టార్గెట్లు పెట్టొద్దని కూడా అందులోనే ఉంది.

ఇందులో “కనీసం ఒకరు” అన్న మాటను మన కార్పొరేట్ జూనియర్ కాలేజీలు “ఒకరు చాలు” అని చదువుకుంటాయి. మాదాపూర్‌లోనో మియాపూర్‌లోనో ఒక క్యాంపస్‌లో 1,500 మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరితో అరగంట మాట్లాడాలంటే 750 గంటలు. రోజుకు ఆరు గంటలు తీరిక లేకుండా మాట్లాడినా 125 పనిదినాలు పడుతుంది. అంటే విద్యా సంవత్సరంలో సగానికి పైగా గడిస్తే తప్ప అందరూ ఆ ఒక్క కౌన్సెలర్ ముఖం ఒక్కసారైనా చూడలేరు. అందరికీ అవసరం ఉండదు కదా అనొచ్చు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి, మెట్రో నగరాల్లోనైతే 13.5 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. ఆ మెట్రో లెక్కన మన 1,500 మందిలో రెండు వందల మంది ఉంటారు. వాళ్లకు వారానికి ముప్పావుగంట చొప్పున ఇచ్చినా 150 గంటలు. రోజుకు ఆరు గంటల లెక్కన ఒక్క మనిషికి వారంలో అందులో నాలుగో వంతు గంటలు కూడా ఉండవు.

సంఖ్య సంగతి అలా ఉంచండి. ఆ ఒక్కరి పరిస్థితి ఏమిటి? ర్యాంకుల ప్రకటనల మీద బతికే సంస్థలో ఆమెకు బాస్ ప్రిన్సిపాలే. వీక్లీ టెస్టుల్లో మార్కులు పడిపోయిన పిల్లల లిస్టు ఆమె టేబుల్ మీదికి వస్తుంది. “వీళ్లను కాస్త మోటివేట్ చెయ్యండి” అంటారు. తెల్లవారకముందే లేపి రాత్రి దాకా స్టడీ అవర్స్‌లో కూర్చోబెట్టే టైమ్‌టేబుల్ గురించి ఆమె ఒక్క మాట అనగలదా? నిద్ర చాలని పిల్ల, ఔటింగ్ రద్దయిన పిల్లవాడు, కింది సెక్షన్‌లోకి దించేశారన్న సిగ్గుతో తిండి మానేసిన అమ్మాయి వస్తే శ్వాస మీద ధ్యాస పెట్టడం నేర్పి పంపడం తప్ప ఆమె చేతిలో ఏముంది? కారుతున్న కప్పు కింద గిన్నెలు పెట్టే ఉద్యోగం ఇది. కోర్టు కౌన్సెలర్‌నూ, బ్యాచ్‌లు విడగొట్టొద్దన్న నియమాన్నీ ఒకే తీర్పులో పెట్టింది. కాలేజీలు మొదటిది చూపించి రెండోదాన్ని మరిపించే ప్రమాదం ఉంది.

ఈ హాస్టళ్ల సంగతి మనకు కొత్తగా తెలిసిందేమీ కాదు. 2001లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కార్పొరేట్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై నీరదా రెడ్డి కమిటీని వేసింది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఆ తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. నాంపల్లిలో ఇంటర్ బోర్డు ముందు తల్లిదండ్రులు ఆందోళనకు దిగారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశం మొత్తం మీద 13,044 మంది విద్యార్థులు ఇలా పోయారు. ఒక్కో మరణం వెనుక ఒక్కటే కారణం ఉండదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. “ఫెయిలైనందుకు” అని ఒక్క ముక్కలో హెడ్డింగ్ పెట్టే మా పత్రికల వాళ్ల అలవాటు, అలాంటి స్థితిలోనే ఉన్న ఇంకో పిల్లకు తప్పుడు దారి చూపిస్తుంది.

ఇక గోప్యత. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ మానసిక సమస్యతో చికిత్స తీసుకునే వ్యక్తికి తన వివరాలు బయటికి పొక్కకుండా చూసుకునే హక్కు ఇచ్చింది. మరోవైపు పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో పెద్దల ప్రమేయం తప్పదు. ఈ రెండింటి మధ్య గీతను మంచి కౌన్సెలర్ మొదటి రోజే, అందరూ గదిలో ఉండగానే గీసేస్తుంది. నీ ప్రాణానికి ముప్పుందనిపించినా, నిన్నెవరైనా హింసిస్తున్నారని తెలిసినా, నీ వల్ల ఇంకొకరికి హాని జరిగేలా ఉన్నా నేను దాచను. మిగతావి నువ్వు ఒప్పుకుంటేనే అమ్మానాన్నలకు చెబుతాను అంటుంది. దాంతో “ఏమన్నాడు?” అన్న ప్రశ్నకు తలుపు దగ్గర జవాబు రాదని పెద్దవాళ్లకూ ముందే తెలుస్తుంది. కొందరు తండ్రులకు ఇది మింగుడు పడదు. ఫీజు మేం కట్టి మాకే చెప్పకపోతే ఎలా అంటారు. వాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే, కానీ అక్కడ కౌన్సెలర్ మెత్తబడితే ఆ పిల్లవాడు మళ్లీ ఏ పెద్దమనిషినీ నమ్మడు.

ఇందులో చట్టపరమైన చిక్కు ఒకటుంది. మైనర్ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. కౌన్సెలర్‌కు మినహాయింపు లేదు. పదిహేడేళ్ల అమ్మాయి తన ప్రేమ శారీరక సంబంధం దాకా వెళ్లిందని చెప్పుకున్నా సరే, ఆ వయసులో ఇష్టాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదు. ఈ సంగతి ముందుగా చెప్పకుండా “నాతో ఏదైనా చెప్పు, ఎవరికీ చెప్పను” అనే కౌన్సెలర్ ఆ అమ్మాయిని మోసం చేస్తున్నట్టే. పట్నంలో చాలామంది ఇలాగే మొదలుపెడతారని నా అనుమానం.

పేరు పక్కన కౌన్సెలర్ అని ఎవరైనా రాసుకోగలగడం దీనికి ఒక కారణం. సైకియాట్రిస్టు డాక్టర్, మెడికల్ కౌన్సిల్ నమోదు ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. కౌన్సెలర్‌కు మాత్రం అలా సరిచూసుకోగల నంబర్ లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ వృత్తినీ తన పరిధిలోకి తీసుకుంది గానీ, ఆ రిజిస్టర్ తెరిచి చూసి అపాయింట్‌మెంట్ తీసుకునే రోజు ఇంకా రాలేదు. ఎమ్మెస్సీ సైకాలజీ చదివి ఏళ్ల తరబడి పెద్దల పర్యవేక్షణలో పనిచేసినవాళ్లూ, రెండు వారాంతాల ఆన్‌లైన్ సర్టిఫికెట్ సంపాదించినవాళ్లూ ఒకే రకం బోర్డు కింద కూర్చుంటున్నారు.

తేడా ఎక్కడ బయటపడుతుందంటే, తన వల్ల కాని పనిని గుర్తించడంలో. టీనేజీలో డిప్రెషన్ ఎప్పుడూ ఏడుపుగానే కనిపించదు. చిరాకుగా, ఎదురు సమాధానంగా, తలుపు దభీమని వేయడంగా కనిపిస్తుంది. ఇంట్లో దాన్ని పొగరు అంటారు. స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులు ఎక్కువగా టీనేజీ చివర్లోనూ, ఇరవైలలోనూ మొదలవుతాయి. అక్కడ మాటలు ఒక్కటే చాలవు, మందులు కావాలి. “నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలిరా” అన్న ఎకసెక్కం వింటూ పెరిగిన ఊరు మనది. అందుకే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్దామంటే ఒప్పుకోని కుటుంబం కౌన్సెలర్ అంటే ఒప్పుకుంటుంది. అది మంచికే, కానీ “మందులు అక్కర్లేదు, మాటలతోనే తగ్గిస్తాం” అని హామీ ఇచ్చే చోట అడుగుపెడితే ఆ వెసులుబాటే చికిత్సకు అడ్డమవుతుంది.

అసలు కష్టమంతా కుటుంబాన్ని గదిలోకి తేవడంలో ఉంది. పిల్లవాడికి ఎన్ని సెషన్లయినా పెట్టండి అంటారు, తాము కూర్చోవడానికి మాత్రం టైమ్ ఉండదు. నాన్న షిఫ్టులో, అమ్మ వంటింట్లో. కూర్చున్నాక మొదట వచ్చే మాట “వాడికి ఏం తక్కువ చేశాం?” అది అబద్ధం కాదు. ఊళ్లో ఎకరం అమ్మి, లేదా నెలనెలా జీతంలో సగం కోసి ఫీజు కట్టిన మనిషి అడుగుతున్న ప్రశ్న. దానికి “మీరే ప్రెషర్ పెడుతున్నారు” అని జవాబిచ్చే కౌన్సెలర్ అక్కడితో ఆ తండ్రిని పోగొట్టుకుంటుంది. పిల్ల మనిషిగా ఉండటమంటే పెద్దవాళ్ల మీద కేసు నడపడం కాదు. హాస్టల్‌కు ఆదివారం ఫోన్ చేసినప్పుడు మొదటి పది నిమిషాలు టెస్టు ఊసెత్తకూడదని, అన్నం తినేటప్పుడు పక్కింటి అబ్బాయి ర్యాంకు చర్చకు రాకూడదని ఒప్పించడం చిన్న పనిలా కనిపిస్తుంది. చాలా ఇళ్లలో అదే మొదటి మార్పు. ఎంపీసీ ఎవరు ఎంచుకున్నారన్న ప్రశ్న ఆ తర్వాత ఎప్పటికో వస్తుంది.

పెద్దవాళ్లకు చెప్పాల్సినవి ఇంకో రెండున్నాయి. చనిపోవాలనిపిస్తోందా అని పిల్లల్ని సూటిగా అడిగితే లేని ఆలోచన వస్తుందని భయపడతారు. రాదు. అడగడం వల్ల చాలామందికి బరువు దిగుతుంది. రెండోది, ఆత్మహత్యాయత్నం జరిగితే పోలీసు కేసవుతుందని దాచేస్తారు, డాక్టర్‌కు కూడా అబద్ధం చెబుతారు. 2017 చట్టం 115వ సెక్షన్ ఆ వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడాలంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లేదు.

ఇరవై దాటిన వాళ్ల కథ వేరు. అశోక్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఏళ్లు లెక్కపెడుతున్న కుర్రాళ్లు, గచ్చిబౌలిలో లేఆఫ్ మెయిల్ వచ్చినా ఇంటికి చెప్పని అమ్మాయిలు ఎవరూ తీసుకురాకుండా తామే వస్తారు. ఇక్కడ కౌన్సెలర్ ఎవరి మనిషన్న సందేహం లేదు. సమస్య డబ్బు, రహస్యం. గంటకు వెయ్యి, పదిహేను వందలు ఇచ్చుకోవడం నెలకు ఎనిమిది వేలతో గది అద్దె, మెస్, టెస్ట్ సిరీస్ గడుపుకునేవాడికి కుదరదు. శరీరపు జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని చట్టంలో రాసి ఉంది, కానీ మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితే ఇచ్చేవే. కౌన్సెలింగ్ ఫీజు వాటిలోకి రాదు. ఇక సంబంధాలు చూసే వయసు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియకూడదన్న టెన్షన్ ఒకటి.

వీళ్లందరికీ పనికొచ్చేది, మనం తక్కువగా వాడుకుంటున్నది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబర్ 10న మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు, రూపాయి ఖర్చు లేదు. అవతల ఉన్న కౌన్సెలర్‌కు జీతం ఇచ్చేది కాలేజీ కాదు, నాన్నా కాదు. అందుకే ఆ గొంతును పిల్లలు నమ్మడానికి అవకాశం ఎక్కువ. ఈ నంబర్‌ను తరగతి గదుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో అంటించాలని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో పిల్లల దగ్గర ఫోన్ ఉండనివ్వరు. ఇంటికి మాట్లాడాలన్నా వార్డెన్ పక్కనుండగా, లైన్లో నిలబడి, వాళ్లిచ్చిన నిమిషాల్లో ముగించాలి. గోడ మీద నంబర్ చదువుకుని ఏం చేయాలి?

ఇంటర్ బోర్డు అనుబంధ గుర్తింపు ఇచ్చేటప్పుడు ఫైర్ ఎన్‌వోసీ అడుగుతుంది, భవనం కాగితాలు అడుగుతుంది. అదే ఫైల్లో కౌన్సెలర్ నియామక పత్రం కూడా అడగొచ్చు. చదువేమిటి, ఎంతమందికి ఒకరు, ఎవరికి రిపోర్టు చేస్తారు, పిల్లల మాటలు మేనేజ్‌మెంట్ చూసే ఫైళ్లలోకి వెళ్తాయా, టైమ్‌టేబుల్ మార్చమని రాసిచ్చే అధికారం ఉందా? జీతం కాలేజీ కట్టినా, తీసేసే అధికారం జిల్లా స్థాయి కమిటీ చేతిలో పెట్టొచ్చు. హాస్టల్ ప్రతి అంతస్తులో 14416కు మాత్రమే కలిసే ఫోన్ ఒకటి, వార్డెన్‌ను అడగకుండా ఎత్తగలిగే చోట, తనిఖీకి వచ్చినవాళ్లు స్వయంగా డయల్ చేసి చూసేలా పెట్టించొచ్చు. వచ్చే జూన్ అడ్మిషన్లకు ముందే ఇవి చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు.