మాస్క్ తొడగడం కంటే ముందు నాడి పట్టడం రావాలి

తిరుపతిలో ఎవరి ఫిట్‌నెస్ గురించి మాటొచ్చినా అలిపిరి మెట్లే కొలబద్ద. ‘రెండు గంటల్లో కొండెక్కేశా’ అంటే ఇక వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు. 3,550 మెట్లంటే తేలికేం కాదు, నిజమే. కానీ అది పరీక్ష కాదు. ఒకరు ఆగకుండా ఎక్కుతారు, ఇంకొకరు మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కుతారు. గాలిగోపురం దాటాక చాలాదూరం చదును దారే. ఈ నెల ఎక్కినదాన్ని వచ్చే నెల ఎక్కినదానితో పోల్చాలంటే ఏదో ఒకటి మారకుండా ఉండాలి కదా.

1943లో వచ్చిన హార్వర్డ్ స్టెప్ టెస్ట్ సరిగ్గా ఆ పనే చేసింది. 20 అంగుళాల ఎత్తు బల్ల, నిమిషానికి 30 సార్లు ఎక్కి దిగడం, ఎక్కువలో ఎక్కువ 5 నిమిషాలు. ఆపిన నిమిషానికి ఒకసారి, రెండో నిమిషానికి, మూడో నిమిషానికి మరోసారి, అర నిమిషం చొప్పున నాడి లెక్కపెట్టాలి. ఎక్కిన సెకన్లను 100తో గుణించి, ఆ మూడు లెక్కల మొత్తానికి రెట్టింపుతో భాగిస్తే స్కోరు వస్తుంది. ఐదు నిమిషాలూ ఎక్కిన కుర్రాడికి మొత్తం 190 వస్తే స్కోరు 78.9. లెక్కపెట్టేవాడు ప్రతిసారీ రెండేసి దెబ్బలు వదిలేస్తే 81.5. ‘మంచిది’ అనిపించుకోవడానికి గీత 80 దగ్గరుంది. అంటే కుర్రాడి గుండెలో ఏమీ మారకుండానే అతని గ్రేడు మారిపోయింది!

స్పోర్ట్స్ ల్యాబ్ అనగానే వ్యాయామ విద్య కోర్సులైన బీపీఈడీ, ఎంపీఈడీ చదివే పిల్లలకు ట్రెడ్‌మిల్, ఊపిరిని కొలిచే మాస్క్, వీఓ2 మ్యాక్స్ (ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ కొలత) గుర్తొస్తాయి. ఆ యంత్రాలు వద్దని నేననను. కాకపోతే యంత్రం కూడా నాడి పట్టే వేలు లాంటిదే, తప్పు లెక్క చెప్పగలదు. గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం. ఊపిరి వదిలేటప్పుడు అది ఎంత తగ్గిందన్న చిన్న తేడా మీదే లెక్కంతా నడుస్తుంది. అందుకే పరీక్షకు ముందు, ఏ వాయువు ఎంతుందో తెలిసిన సిలిండర్‌తో ఒకసారి, గాలి పరిమాణం కోసం 3 లీటర్ల సిరంజితో ఒకసారి సరిచూడాలి. ఆ పని మానేసినా తెర మీద అంకెలు మాత్రం దర్జాగా వస్తూనే ఉంటాయి. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగిందనుకోండి, అదే వేగానికి గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. ల్యాక్టేట్ (కష్టపడ్డ కండరాల నుంచి రక్తంలో చేరే పదార్థం) కొలవడానికి చెవి తమ్మె గుచ్చేటప్పుడు చెమట తుడవకపోతే, చెమటలో ఉన్న ల్యాక్టేట్ కూడా రక్తం ఖాతాలో పడుతుంది. ఇలాంటివి ప్రాక్టికల్ రికార్డు చూసి రాసుకుంటే వచ్చేవి కావు. (రికార్డులు ఎలా నిండుతాయో చదువుకున్న అందరికీ తెలుసు.)

2018లో ఇంగ్లండ్ వన్డేలకు ఎంపికైన అంబటి రాయుడు, పెరుగుతూ పోయే వేగంతో అటూ ఇటూ పరుగెత్తే యోయో టెస్ట్‌లో అప్పటి 16.1 మార్కు అందుకోలేక జట్టుకు దూరమయ్యాడు. ఆ పరీక్ష ఉండాలా వద్దా అని బోలెడు వాదన జరిగింది. నాకు ముఖ్యమనిపించే ప్రశ్న వేరు. ఏ ఆటగాడైనా అదే పరీక్ష మూడు రోజుల తర్వాత మళ్లీ చేస్తే మామూలుగా ఎంత తేడా వస్తుంది? ఆ తేడా తెలియకుండా గీత గీస్తే, గీతకు కాస్త అటూ ఇటూ ఉన్నవాళ్లకు జరిగేది లాటరీయే. గుండె గరిష్ఠ వేగానికి వాడే ‘220లోంచి వయసు తీసెయ్’ సూత్రమూ అంతే. ఇరవై ఏళ్లవాడికి 200 అని చెబుతుంది, అసలు గరిష్ఠం పది పన్నెండు అటో ఇటో ఉండటం మామూలే. ఆ అంకె పట్టుకుని పరీక్ష ఆపేసే ల్యాబులను ఏమనాలి?

ఎప్పుడు ఆపాలన్నది వేరే విద్య. ఛాతీలో నొప్పి, తల తిరగడం, మొహం పాలిపోవడం కనిపిస్తే ‘ఇంకొక్క నిమిషం’ అనకూడదు.

అందుకే మొదటి ఏడాది విద్యార్థికి బల్ల, మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్కుటిక్కుమనే పరికరం), స్టాప్‌వాచ్ చాలు. ఒకే మనిషిని వేర్వేరు రోజుల్లో అదే వేళకు పరీక్షించి, తన కొలతలో ఎంత తేడా వస్తోందో రాసుకోవాలి. మనుషులకు కొదవ లేదు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు మన మైదానాల్లో పొద్దున్నే కనిపిస్తారు. వాళ్లకు ముందుగా చెప్పి, ఒప్పుకున్నవాళ్లనే పరీక్షించి, స్కోరు చెప్పేటప్పుడు ఒక్క అంకె కాకుండా ‘ఇంత నుంచి ఇంత మధ్య’ అని చెప్పాలి. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘అంటే నేను పాసా, ఫెయిలా సార్?’ అనే ఉంటుంది. దానికి జవాబు చెప్పడం కూడా సిలబస్‌లో చేర్చాల్సిందే.