ఏ హార్మోన్, ఎన్నేళ్లు, ఏ వయసులో?

ఇక్కడ, విదేశంలో, మన పాట్‌లక్‌లలో నలభై దాటిన ఆడవాళ్లు ఓ మూల చేరితే తప్పకుండా వినిపించే మాట: "హార్మోన్ మాత్రలు వేసుకోకు, క్యాన్సర్ వస్తుందట." పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి గతి తప్పే సమస్య) ఉన్న కూతురికి డాక్టరు గర్భనిరోధక మాత్రలు రాసినా ఇదే భయం. మెనోపాజ్ (నెలసరి ఆగిపోవడం) తర్వాత వాడే హార్మోన్లనీ, గర్భనిరోధక మాత్రలనీ ఒకే గాటన కట్టడం మానాలి. అండాశయ క్యాన్సర్ విషయంలో అవి పనిచేసే తీరే వేరు.

అండం విడుదలైనప్పుడల్లా అండాశయం పైపొర చిట్లి మళ్లీ మానుతుంది, ముప్పు అక్కడే మొదలవుతుందని 1971లో ఈజిప్టు వైద్యుడు మహమూద్ ఫతల్లా ప్రతిపాదించారు. ఈ క్యాన్సర్లు చాలావరకు ఫెలోపియన్ ట్యూబులో (అండాన్ని గర్భసంచికి చేర్చే గొట్టంలో) పుడతాయని తర్వాత తేలింది. అయినా అండం విడుదల తగ్గితే ముప్పు తగ్గుతుందన్న మాట నిలబడింది. గర్భనిరోధక మాత్ర చేసే పని అదే. 45 అధ్యయనాలను కలిపి 2008లో చూస్తే, మాత్ర మానేసిన 30 ఏళ్ల తర్వాత కూడా కొంత రక్షణ కనిపించింది. (రక్తం గడ్డకట్టే తత్వం, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్ల లెక్క వేరు.)

మెనోపాజ్ తర్వాత వాడే హార్మోన్ల కథ ఇంకోటి. కణంలో హార్మోన్ అతుక్కునే చోట్లను రిసెప్టర్లంటారు. ఆల్ఫా రిసెప్టర్‌ని ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పట్టుకుంటే కణం పెరుగుదల ఊపందుకుంటుంది, బీటా రిసెప్టర్ దానికి పగ్గం వేస్తుంది. 52 అధ్యయనాలు కలిపిన 2015 విశ్లేషణ ప్రకారం, యాభై దగ్గర మొదలుపెట్టి అయిదేళ్లు వాడితే వెయ్యిమందిలో సుమారు ఒకరికి అదనంగా ఈ క్యాన్సర్ వస్తుంది. రాత్రిళ్లు చెమటతో తడిసి నిద్రలేక నలిగిపోతున్న మనిషికి ఆ ముప్పు చిన్నదే అనిపించవచ్చు. తల్లికో అక్కకో అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం అలా అనుకోలేం.

మన చిక్కంతా ఇక్కడే. గర్భసంచి తీయించుకున్నవాళ్ల శాతం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దేశంలోకెల్లా ఎక్కువ. "ఆపరేషన్ అయింది" అంటారు. అండాశయాలూ తీశారా, ఏ గడ్డకు తీశారు అని ఇక్కడి డాక్టరు అడిగితే జవాబుండదు. ఆ జవాబును బట్టే ఏ హార్మోన్ ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో తేలుతుంది. పోనీ స్క్రీనింగ్ చేయించుకుందామా అంటే, బ్రిటన్‌లో రెండు లక్షల పైచిలుకు ఆడవాళ్ల మీద జరిపిన పరీక్షలో సీఏ 125 అనే రక్తపరీక్ష, స్కానింగ్ మరణాలను తగ్గించలేకపోయాయని 2021లో తేలింది.

అందుకే ఈ వారం వీడియో కాల్‌లో అమ్మనీ, పెద్దమ్మనీ, పిన్నినీ సిగ్గుపడకుండా అడగండి. పాత డిశ్చార్జ్ కాగితం, బయాప్సీ రిపోర్టు ఉంటే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. మాత్రల గురించి మాట్లాడే ముందే వాటిని డాక్టరుకి చూపించండి.