నిమ్హాన్స్ ఉన్న ఊళ్లో ఫ్యామిలీ డాక్టర్ అసంతృప్తి

మానసిక వైద్యం అనగానే చాలామందికి గుర్తొచ్చేది బెంగళూరే. హోసూరు రోడ్డులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కి అనంతపురం, కర్నూలు వైపు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చేవాళ్లున్నారు. మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో క్లినిక్ నడిపే ఫ్యామిలీ డాక్టర్లు కూడా ఇక్కడి సైకియాట్రిస్టుల పనితనాన్ని తప్పుపట్టరు. వాళ్ల బాధల్లా ఒకటే. తాము పంపిన పేషెంట్ ఏమయ్యాడో, ఏ మందు వాడుతున్నాడో మళ్లీ తెలియదు.

ఈ ఫిర్యాదును తేలిగ్గా తీసుకోకూడదంటాను. మితిమీరిన హుషారు, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బుకు వాడే లిథియం సంగతే చూడండి. బాగా పనిచేసే మందే, కానీ రక్తంలో దాని పాళ్లు కాస్త పెరిగినా ప్రమాదం. మోకాళ్ల నొప్పికి రాసే ఐబుప్రొఫెన్ వల్లా, కొన్ని బీపీ మాత్రల వల్లా ఆ పాళ్లు పెరుగుతాయి. విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినా అంతే. ఈ మూడింటికీ మనిషి వెళ్లేది వీధి చివరి డాక్టర్ దగ్గరికే. సైకియాట్రీ చీటీ మాత్రం ఇంట్లో దాచేసి వెళ్తాడు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇల్లయితే ఇక చెప్పనక్కర్లేదు.

నిజానికి మామూలు డాక్టర్లను ఈ పనిలో కలుపుకోవడం నిమ్హాన్స్‌కి కొత్త కాదు. 1980ల్లో బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ ఇచ్చింది. 1996లో మొదలైన జాతీయ స్థాయి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. అయితే అది సర్కారు వైద్యం చుట్టూ అల్లిన పథకం. నగరంలో "గుండె దడ, నిద్ర పట్టట్లేదు సార్" అని తెలుగులో చెప్పుకునే చోటు ఎక్కువగా ప్రైవేటు క్లినిక్కే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మానసిక జబ్బులున్నవాళ్లలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందలేదు. అలాంటప్పుడు ఆ క్లినిక్‌ని పక్కన పెట్టడం కుదరదు.

ఫ్యామిలీ డాక్టర్లలోనూ లోపాలున్నాయి. రెఫరల్ చీటీలో "ఆంగ్జైటీ, దయచేసి చూడండి" అని ఒక్క ముక్క రాసి పంపేవాళ్లున్నారు. నిద్రకని, అలవాటుగా మారే ఆల్ప్రజోలామ్ మాత్ర మొదలుపెట్టి నెలల తరబడి కొనసాగించేవాళ్లూ ఉన్నారు.

పేషెంట్ వివరాలు బయటికి చెప్పకూడదు కదా అని సైకియాట్రిస్టులు అనొచ్చు. నిజమే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా గుర్తించింది. పేషెంట్ ఒప్పుకుంటే ఆ అడ్డు లేదు. మొదటి విజిట్‌లోనే "మీ ఫ్యామిలీ డాక్టర్‌కి రాయమంటారా?" అని అడిగి సంతకం తీసుకోవచ్చు. ఆ ఉత్తరంలో జబ్బు పేరు, మందు, మోతాదు, ఏ రక్తపరీక్ష ఎన్నాళ్లకోసారి చేయించాలో, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే వెనక్కి పంపాలో రాస్తే చాలు.