లైటేస్తే ట్యాంకు ఫుల్లు

కళింగపట్నంలో లైట్‌హౌసుంది. సముద్రం మీద ఎంతో దూరంలో ఉన్న పడవలకి కూడా దాని వెలుగు కనిపిస్తుంది. ఆ పక్కనే కాపురముండే మా మావయ్య పికప్పుకి మాత్రం ఎదురుగా ఎద్దు పడుకున్నా కనిపించేది కాదు. పుష్యమాసం వచ్చిందంటే వంశధార మీంచి మంచు లేచి గార రోడ్డంతా కప్పేస్తుంది. మావయ్యేమో తెల్లారకముందే చేపల లోడుతో శ్రీకాకుళం చేరాలి. ఆలస్యమైతే ఐసూ కరుగుతుంది, బేరమూ కరుగుతుంది. అందుకని ఫాగ్ లైట్లు పెట్టించాడు. పసుపు అద్దాలు, ఒక్కోదానికి 55 వాట్ల బల్బు.

ఫాగ్ లైటు అన్నది కింద, బంపరు దగ్గరుండి, రోడ్డుని నేలబారుగా చూడాలి. పైనుంటే ఆ వెలుగు మంచుకి తగిలి తిరిగి మన కళ్ళలోనే పడుతుంది. మావయ్య వాటిని క్యాబిన్ నెత్తిన పెట్టించాడు. "కిందెడితే ఎవుడికి కనపడతాయిరా?" అన్నాడు. మొదటి ట్రిప్పులోనే రోడ్డు బదులు తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనపడక, శ్రీకూర్మం దాకా క్లీనరు గుంటడు బండి ముందు నడుచుకుంటూ వెళ్ళాడట. మర్నాడే లైట్లు బంపరు మీదకి దిగాయి. పెట్టిన ఫిట్టరు లైట్లనైతే దించాడు గానీ వాటి ఎర్త్ వైరుని, అంటే కరెంటు బండి రేకు మీదుగా బ్యాటరీకి తిరిగెళ్ళే వైరుని, మాత్రం క్యాబిన్ మీదే ఉంచేసి, కింద నుంచి ఇంకో వైరు దానికి అతికించి టేపు చుట్టాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి. మావయ్య గుర్తుంచుకోలేదు.

కొన్నాళ్ళు బాగానే వెలిగాయి. ఆ తర్వాత మొదలైంది తంతు. ఫాగ్ లైటు స్విచ్చి నొక్కితే లైట్లు బెడ్‌లైట్లంత వెలుగు ఇచ్చేవి. మీటరు బోర్డు మాత్రం పండగ చేసుకునేది. డిప్పరు ముట్టుకోకుండానే హైబీమ్ నీలం దీపం మిణుకుమనేది. ఇండికేటర్ వేస్తే లోపల దీపాలన్నీ దాంతోపాటు తాళం వేసేవి. వేడి ముల్లు ఎర్ర గీత దాకా లేచేది. క్లీనరు గుంటడు "మావా, ఇంజనుడికిపోతంది!" అని బకెట్టు పట్టుకుని దూకేవాడు. తీరా చూస్తే రేడియేటర్లో నీళ్ళు నిండుగా, ఇంజను బుద్ధిగా ఉండేవి.

వీటన్నిటికీ మావయ్య కంగారుపడ్డాడు. ఒక్కదానికి మాత్రం మురిసిపోయాడు. లైటు వేయగానే డీజిల్ ముల్లు కూడా వేడి ముల్లుతోపాటు లేచి, ఫుల్లు దగ్గర నిలబడేది.

"సూసినావా? లైటేస్తే ట్యాంకు నిండిపోతన్నాది!"

అది అబద్ధమని ఆయనకీ తెలుసు. కానీ డీజిలు ధర తెలిసిన మనిషికి అలాంటి అబద్ధం కనుల పండగే. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఫాగ్ లైట్లు వేసుకుని తిరగడం మొదలెట్టాడు.

ఇక వైద్యులు. మా జిల్లాలో బండి బాగోలేదంటే పలకరించడానికి వచ్చిన ప్రతివాడూ బానెట్టు ఎత్తుతాడు. పక్కింటాయన ఎలక కొరికిందన్నాడు. బ్యాటరీ కొట్టువాడు, మరేటి, బ్యాటరీ అన్నాడు. సాలూరు వైపు లారీ తోలిన పెద్దాయన ఒకరు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి, చచ్చిందని తేల్చాడు. రిలే సంగతి తెలిసినవాళ్ళకి ఒకటే కిటుకు: స్విచ్చి నొక్కితే లోపల టిక్కుమంటే కాయిలు పనిచేస్తున్నట్టే. అది టిక్కుమంటూనే ఉంది. అయినా మార్చారు. మార్చిన కుర్రాడు రిలేలోంచి కరెంటు బయటికెళ్ళే 87 నంబరు కాలుకి లైటు వైరు బదులు హారన్ వైరు తగిలించాడు. మర్నాడు తెల్లవారుజామున మావయ్య శ్రీకూర్మంలో స్విచ్చి వేసేసరికి వీధి వీధంతా లేచి కూర్చుంది. గుళ్ళో పెంచే తాబేళ్ళు కూడా తలలు బయటపెట్టే ఉంటాయి.

ఇంకొకడు ఫ్యూజు చూశాడు. రెండు బల్బులూ కలిపి 110 వాట్లు, 12 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్ల పైచిలుకు. 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు సరిగ్గా సరిపోతుంది. ఆయన దాన్ని పీకి 30 ఆకుపచ్చది పెట్టి "ఇంక పోదు" అన్నాడు. నిజమే, ఫ్యూజు పోదు. వైరు కాలుతుంది.

వచ్చినవాడల్లా ఒక కొత్త వైరు వేసి వెళ్ళాడు. పాతది తీసినవాడు లేడు. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెడితే మళ్ళీ బయటికి తియ్యడానికి ఇంకో మనిషి కావాల్సొచ్చేది. అత్త బంపరుకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది. వెలుగు వ్యవహారం గనక అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకోమని పెద్దలు సలహా చెప్పారు. నా లెక్కలో అన్ని సలహాల్లోకీ అదే నయం, కొత్త వైరు అక్కర్లేదు.

చివరికి శ్రీకాకుళంలో ఒక ముసలి ఎలక్ట్రికల్ మేస్త్రీ దొరికాడు. ఏమీ విప్పలేదు. టీ తాగాడు. సంచీలోంచి వోల్టు మీటరు తీసి దాని ఒక పుల్ల బ్యాటరీ నెగిటివ్ మీద, రెండోది క్యాబిన్ రేకు మీద ఆనించి "లైటెయ్యి" అన్నాడు. రెండూ ఎర్తే గనక దాదాపు సున్నా చూపించాలి. మూడు వోల్టులు చూపించింది.

అప్పుడు బండి కిందకి దూరాడు. క్యాబినుకీ ఛాసిస్‌కీ, అంటే కింది చట్రానికీ, మధ్య ఒక అల్లిక రాగి పట్టీ ఉంటుంది. వెనక ట్రేలోంచి కారిన ఐసు నీళ్ళూ, చేపల ఉప్పునీళ్ళూ ఏళ్ళ తరబడి దాని మీదే పడి, రాగి పచ్చగా చిలుం పట్టి రెండు మూడు పోగులే మిగిలాయి. ఫాగ్ లైట్ల కరెంటంతా ఆ పోగుల్లోంచే తిరిగి వెళ్ళాలి. దారి చాలక క్యాబిన్ రేకంతా మూడు వోల్టులు పైకి లేచింది. మీటరు బోర్డేమో ఆ రేకునే నేల, అంటే సున్నా, అనుకుంటుంది. నేలే లేస్తే ముళ్ళు లేవవా?

కొత్త పట్టీ వేశాడు. రంగు గీకి, బోల్టు బిగించి, గ్రీజు పూశాడు. లైట్ల ఎర్తుని తిన్నగా బ్యాటరీకి తెచ్చాడు. మళ్ళీ 15 ఫ్యూజు పెట్టాడు. పనికిరాని వైర్లు పీకితే సంచీడు వచ్చాయి. క్లీనరు గుంటడు వాటిని తూకానికి అమ్మేశాడు.

"ఇప్పుడెయ్యి బావూ."

మావయ్య స్విచ్చి నొక్కాడు. ఎదురుగా గోడ మీద సినిమా పోస్టరు అక్షరాలతో సహా మెరిసింది. నీలం దీపం ఆరింది. వేడి ముల్లు కిందకి దిగింది. డీజిల్ ముల్లూ దిగింది. దిగి, ఇంకా దిగి, అడుగున ఆగింది.

మావయ్య ముల్లు కేసి చూశాడు, మేస్త్రీ కేసి చూశాడు.

"ఇందాక ఫుల్లుంది. ఏటి సేసినావు?"

"నానేటి సేత్తాను బావూ? ట్యాంకులో ఏటుందో అదే సూపిస్తన్నాది."

"కిందకెళ్ళినావు కదేటి నువ్వు?"

"పట్టీ ఏయడానికెళ్ళినాను, డీజిలు తాగడానిక్కాదు."

మావయ్య చాలాసేపు బేరమాడాడు. కూలీ ఇవ్వకపోతే మేస్త్రీ కదలనిచ్చేలా లేడు. డబ్బులు లెక్కపెట్టి చేతిలో పెట్టాక, ఎవరూ వినకుండా ఆయన్ని పక్కకి తీసుకెళ్ళాడు.

"పోనీ బావూ, ఆ పట్టీ సగం ఇప్పీ. లైటు కొంచెం తగ్గినా పరవానేదు."