మన్యం వదలని ఏకైక ఉద్యోగికి: లోడింగ్ చక్రానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ లోడింగ్ చక్రం గారి దివ్యసముఖమునకు,

ఫోను తెర నడుమ అహోరాత్రాలు గిర్రున తిరుగుతూ, ఎక్కడికీ కదలకుండానే ఏదో పెద్ద పని జరిగిపోతున్నదన్న భరోసా కలిగించే తమరికి నమస్కరించి వ్రాయునది. తమరి సేవలకు ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ ఒక శాలువా అయినా కప్పకపోవడం అన్యాయమని మాకు చాలాకాలంగా అనిపిస్తోంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో పోస్టింగ్ రాగానే జాయినింగ్ రిపోర్టు ఇచ్చి, మర్నాడే సెలవు చీటీ పెట్టి, ఆపైన మైదానానికి బదిలీ కోసం సిఫార్సు ఉత్తరాలు పోగుచేసుకునేవారిని చూసి చూసి విసిగిన మాకు, క్వార్టర్సు గానీ అలవెన్సు గానీ అడగకుండా, వాగులు పొంగే రోజుల్లో సైతం విధుల్లోనే కనిపించే ఉద్యోగి తమరొక్కరే. ఏళ్ల తరబడి అక్కడే ఉండి పనిచేస్తున్న డాక్టర్లూ మేష్టార్లూ కొందరు లేకపోలేదు. వారు ఈ మాటకు నొచ్చుకోరనే మా ధైర్యం, ఎందుకంటే ఈ లేఖ వారి ఫోనులో తెరుచుకోదు.

తమరి సర్వీసు రిజిస్టరు తిరగేస్తే చరిత్ర ఘనంగానే ఉంది. 2000 మార్చి 24న హైదరాబాదు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్, చిత్తూరు జిల్లా అరగొండలోని పల్లె ఆసుపత్రిని ఉపగ్రహం మీదుగా నగర వైద్యులతో కలిపే ఏర్పాటును ప్రారంభించినప్పుడు, ఇక డాక్టరు రాకపోయినా ఆయన బొమ్మ వస్తుంది కదా అని సంబరపడ్డాం. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి కేవలం చదువుల కోసమే ఎడ్యుశాట్ అనే ఉపగ్రహం ఎగిరింది. అది ఆరేళ్లు కొలువు చేసి 2010లో విశ్రాంతి తీసుకుంది గాని, కొండమీది ఏకోపాధ్యాయ పాఠశాలలో ఏకాకిగా ఉన్న మేష్టారికి మాత్రం ఇంకా జోడు దొరకలేదు. 2011లో పంచాయతీకొక ఫైబరు తీగ అన్నారు. 2019 నవంబరులో తెర మీదే డాక్టరును చూపించే ప్రభుత్వ టెలివైద్యం ఈ-సంజీవని వచ్చింది, దాన్ని అందరికంటే ముందు అందిపుచ్చుకున్నది ఆంధ్రప్రదేశే. ఇన్ని పథకాలు వచ్చినా అన్నింటిలోనూ తెర మీద మొట్టమొదట దర్శనమిచ్చేది తమరే.

తమరి కొలువు ఎలా సాగుతుందో తమరికే ఒకసారి చూపించాలని ఉంది, తిరిగే హడావిడిలో చుట్టుపక్కల చూసి ఉండరు కనుక. కొండమీది హెల్త్ క్లినిక్‌లో, డాక్టరు లేనిచోట ఆ క్లినిక్ నడిపే ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త) అమ్మాయి ట్యాబును కిటికీ చువ్వలకు ఆనించి నిలబెడుతుంది, గదంతటికీ సిగ్నలు రెండు గీతలు చూపించేది అక్కడే కాబట్టి. బల్ల మీద కూర్చున్న ముసలమ్మకు మడమ దగ్గర మానని పుండు. ఆమె తన గిరిజన భాష కువిలో చెప్పుకుంటుంది, ఆశా కార్యకర్త దాన్ని తెలుగు చేస్తుంది, ఎంఎల్‌హెచ్‌పీ ఆ తెలుగును డాక్టర్లకు అర్థమయ్యే తెలుగు చేస్తుంది. ఎక్కడో పట్నంలో హబ్ అనే టెలివైద్య కేంద్రంలో కూర్చున్న డాక్టరు గారు అంతా ఓపికగా విని, "పుండు అంచులు కొంచెం దగ్గరగా చూపించమ్మా" అంటారు. అమ్మాయి ట్యాబు తీసి మడమ దగ్గరకు దించుతుంది. కిటికీ వదిలిందో లేదో, తెర మీద తమరు ప్రత్యక్షం. ట్యాబు కిటికీ దగ్గరుంటే డాక్టరు ఉంటారు గాని పుండు ఉండదు, పుండు దగ్గరుంటే డాక్టరు ఉండరు. చివరికి ఆశమ్మ ఒకవైపు, మనవడు మరొకవైపు పట్టుకోగా, నడవలేక వచ్చిన ముసలమ్మ ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు కిటికీ గట్టు మీద పెట్టి వైద్యం చేయించుకుంటుంది. సాంకేతికత రోగి ముంగిటికి వచ్చిందని ఆ సాయంత్రం నివేదికలో చేరుతుంది.

తమరు తిరిగితే పోయేది కాస్త సమయమే కదా అని నగరవాసులు అనుకుంటారు. 2020 మార్చి 25న కేంద్రం విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలను వారు చదివి ఉండరు. తన ఇంటి నుంచి తానే ఫోను చేసిన రోగిని డాక్టరు తొలిసారి చూస్తున్నప్పుడు, ఒక వర్గం మందులు రాయాలంటే వీడియోలో చూసి తీరాలి. వట్టి మాటల మీద రాయగలిగినవి పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ వంటి, చీటీ లేకుండా దొరికే మందులే. నియమం మంచిదే, రోగిని చూడకుండా మందు రాయకూడదనడంలో తప్పేముంది? కాకపోతే బొమ్మ ఆగిపోయి గొంతు మాత్రమే మిగిలిన ప్రతిసారీ రోగి దొడ్డిదారిన పారాసెటమాల్ వర్గంలోకి జారిపోతాడు. చీటీ రాసేది డాక్టరు గారే అయినా, ఏ మందు రాయాలో నిర్ణయించేది తమరు.

మెచ్చుకోవలసింది మెచ్చుకోకపోతే కళ్లు పోతాయి. బీపీకీ షుగరుకూ నెలనెలా మందు మార్చాలో వద్దో తెలుసుకోవడానికి బస్సెక్కి పాడేరు వెళ్లి, ఒక రోజు కూలీ పోగొట్టుకుని, ఓపీ చీటీ కోసం నిలబడే అవస్థ ఈ తెర వల్ల ఎందరికో తప్పింది. అయితే అక్కడ పని జరిగింది తెర వల్ల మాత్రమే కాదు. తెరకు ఇవతల బీపీ చూసే చెయ్యి ఉంది, చూసిన అంకెను చెప్పే నోరు ఉంది, డాక్టరు చెప్పిన మాత్ర బీరువాలో ఉంది. కడుపు నొక్కి చూడవలసి వచ్చినప్పుడు, కుట్టు వేయవలసి వచ్చినప్పుడు, ఉన్న ఒక్క అమ్మాయి సెలవు పెట్టినప్పుడు, అత్యంత వేగవంతమైన ఇంటర్నెట్టు కూడా డాక్టరు గారి నిస్సహాయతను స్పష్టమైన బొమ్మగా చూపించడం తప్ప మరేమీ చేయలేదు. మా పెద్దలు మాత్రం లెక్కను తిరగేసి చదివారు: ఇవతల మనిషి ఉంటేనే తెర పనిచేస్తుందన్న దాన్ని, తెర ఉంది కాబట్టి మనిషి లేకపోయినా ఫర్వాలేదు అని అర్థం చేసుకున్నారు. ఖాళీ పోస్టు ముందు తమరిని కూర్చోబెట్టింది అందుకే.

బడి సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో ప్రభుత్వ చదువుల చానెల్ టీ-శాట్‌లోనూ దూరదర్శన్‌లోనూ పాఠాలు మొదలైనప్పుడు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న వెంట పనికి వెళ్లేది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్నెట్టు ఎప్పుడైనా వాడిన మగవారు 48.8 శాతం, ఆడవారు 21 శాతం. ఇంట్లో బిడ్డ జ్వరం చూసేదీ, బడికి పంపేదీ ఎవరో తెలిసిందే కనుక, తమరి దర్శనభాగ్యం కూడా లేని తల్లులు ఎందరో లెక్క వేసుకోండి. ఆపైన 2022 ఆగస్టులో మేష్టార్లకు ముఖ హాజరు యాప్ వచ్చింది. ఉన్న ఒక్క మేష్టారు పాఠం పక్కన పెట్టి, తాను వచ్చానని నిరూపించుకోవడానికి సిగ్నలు కోసం కొండగట్టు ఎక్కితే, ఆయన బడిలో లేని ఆ కాసేపే ఆయన హాజరు నమోదవుతుంది.

తమరికి ఒక ప్రత్యర్థి ఉన్న సంగతి మాత్రం దాచలేము. రోడ్డు లేని గూడెం నుంచి నిండు గర్భిణిని మోసుకొచ్చే డోలీకి సర్వరు డౌను కాదు, ఓటీపీ అడగదు. 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం 26,316 కోట్ల రూపాయలతో, సిగ్నలు లేని 24,680 గ్రామాలకు 4జీ ఇస్తామన్నప్పుడు తమరి కొలువుకు ఎసరు వచ్చిందనుకున్నాం. దిగులు పడవద్దు. కరెంటు పోతే బ్యాటరీ, బ్యాటరీ అయిపోతే డీజిలు, డీజిలు తెచ్చే జీపు ఘాటీలో ఆగిపోతే మళ్లీ తమరే.

ఇంతకూ మా విన్నపం ఒక్కటే. జిల్లా కేంద్రంలోనూ రాజధానిలోనూ టెలివైద్యం, డిజిటల్ చదువుల ప్రగతి మీద వీడియో సమీక్షలు జరుగుతుంటాయి. అక్కడ ప్రత్యేక లైను, దానికి తోడు మరొక లైను, జనరేటరు ఉంటాయి కనుక తమరికి ప్రవేశం లేదు. ఈసారి సమీక్షకు తమరిని డిప్యుటేషన్ మీద పంపవలసిందిగా ప్రార్థన. "కొండ గ్రామాలన్నీ అనుసంధానమయ్యాయి" అనే వాక్యం సగంలో ఉండగా వేదిక మీది పెద్ద తెర మధ్యలో ప్రత్యక్షమై, ఓ అరగంట తిరగండి. టీఏ, డీఏ మేము చందాలు వేసుకుని ఇస్తాము.

ఇట్లు,
తెర ముందు క్యూలో కూర్చున్నవారి తరఫున ఒకరు