ముందు మావాడి మెమో ఇప్పించండి, లూసాన్ సంగతి తర్వాత

ఇప్పుడే బస్సు దిగి ఇంటికొచ్చాను. కాళ్లు కూడా కడుక్కోలేదు, కోపంలోనే రాస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

సిటీలో ఒక లా యూనివర్సిటీలో స్పోర్ట్స్ లా మీద సెమినార్ అంటే మా మేనల్లుణ్ని వెంటబెట్టుకుని పోయాను. వాడికి పదహారేళ్లు, కబడ్డీలో రైడర్. పోయినేడు ఒక ప్రైవేటు అకాడమీలో చేర్పించాం. మోకాలు దెబ్బతిని ఇంటికొచ్చేస్తానంటే ఎనభై వేలు కట్టి పొమ్మంటున్నారు. పదో తరగతి ఒరిజినల్ మెమో వాళ్ల బీరువాలోనే ఉంది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద మావాడి సంతకం చూడాలి మీరు. ఇంటిపేరు తప్పు రాసి, కొట్టేసి, పక్కన మళ్లీ రాశాడు. దాన్ని బాండ్ అంటారట!

ఏసీ హాలు. పొద్దున్నించి స్విట్జర్లాండ్ లూసాన్‌లోని అంతర్జాతీయ క్రీడా కోర్టు, ఐపీఎల్ ఫ్రాంచైజీ ఒప్పందాలు, ఆటగాడి ఇమేజ్ రైట్స్ (అంటే పేరూ ఫొటో వాడుకునే హక్కులట). మావాడి ఇమేజ్‌కి రైట్స్ ఎందుకు సార్, ఆధార్ కార్డులో ఫొటోనే వాడిలా ఉండదు.

ప్రశ్నల టైములో వాడే లేచాడు. ప్లాస్టిక్ కవర్లోంచి జిరాక్సు తీసి, తెలుగులో అడిగాడు. మైకు పట్టుకున్నాయన నవ్వి, "ఇంగ్లిష్‌లో ప్లీజ్" అన్నాడు. నేనందుకుని వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెబితే, ఇది ఈ సెషన్ పరిధిలోకి రాదు, లంచ్‌లో మాట్లాడదాం అన్నాడు. లంచ్‌లో కనిపిస్తే ఒట్టు. పనీర్ కూర మాత్రం బాగుంది, అబద్ధమెందుకు.

గేటు దాటుతుంటే మెడలో వాలంటీర్ కార్డు వేసుకున్న సెకండియర్ అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "ఏదీ తమ్ముడూ, చూపించు" అని అక్కడే నిలబడి చదివింది. "మీ అమ్మానాన్నలెవరైనా సంతకం పెట్టారా?" అంది. లేదు, సాక్షి కూడా హాస్టల్ వార్డెనే. "అయితే ఇది చెల్లదు. 18 నిండని వాళ్లతో చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ వాళ్ల కాలంలో మనకున్న ఆఖరి అప్పీలు కోర్టు, చెప్పింది. ఫస్టియర్‌లోనే చదువుకుంటాం" అంది. పిల్లలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంటుందని, జిల్లా న్యాయసేవాధికార సంస్థకి పొమ్మని చెప్పింది.

రెండు నిమిషాలు! రోజంతా జరిగిన సెమినార్‌లో పనికొచ్చింది ఆ గేటు దగ్గరి రెండు నిమిషాలే. యూనివర్సిటీ పెద్దలూ, ఇలాంటి లా చదివే పిల్లల్ని నెలకోసారి బస్సెక్కించి ఏ జిల్లా స్టేడియం మెట్ల మీదో కూర్చోబెడితే మీ సొమ్మేం పోయింది? జిమ్ముల్లో ఎవడో ఇచ్చిన డబ్బాలోని పొడి మింగుతున్నారు మా పిల్లలు. రేపు డోప్ టెస్టులో దొరికితే "నాకు తెలీదు" అన్నంత మాత్రాన బయటపడరని, బి శాంపిల్, అంటే విడిగా దాచిన రెండో సీసా, పరీక్షించమని అడిగే హక్కుందని వాళ్లకి ఎవరు చెప్పాలి, పొడి అమ్మినవాడా?

స్లైడ్ మీద పరుగుల ద్యుతీ చంద్ కేసు వేశారు. ఒంట్లో మగ హార్మోన్ ఎక్కువుందన్న నిబంధనతో 2014లో జట్టులోంచి తప్పిస్తే కెనడా లాయర్లు పైసా తీసుకోకుండా వాదించారట, 2015లో లూసాన్ కోర్టు ఆ నిబంధనని ఆపేసిందట. అందరూ చప్పట్లు. ఒడిశా నేతపనివాళ్ల బిడ్డ కోసం కెనడా కదిలింది. మావాడి కోసం మైకు పది అడుగులు కదల్లేదు.

మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2019లో మేరీ కోమ్‌తో ట్రయల్ (జట్టు ఎంపిక పోటీ) పెట్టమని కేంద్రమంత్రికి లేఖ రాసింది. ఆ ట్రయల్‌లో ఓడింది, 2022లో ప్రపంచ చాంపియన్ అయింది. అడగడం తెలిసిన పిల్ల కాబట్టి సరిపోయింది. మా అక్కకి అదీ తెలీదు.

అవును, వీడి తల్లే. జూనియర్ నేషనల్స్ ఆడింది. స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ఫారం-2, అంటే రాష్ట్రం తరఫున ఆడినట్టు ఇచ్చే సర్టిఫికెట్, దాని మీద రాష్ట్ర క్రీడా సంఘం కార్యదర్శి సంతకం కావాలి. సరిగ్గా అప్పుడే సంఘం రెండు ముక్కలైంది. ఒకాయన "నువ్వు వాళ్ల మనిషివి" అన్నాడు. రెండో ఆయన సంతకానికి రేటు చెప్పాడు. మేం డబ్బు పోగేసేలోపు ఆఖరు తేదీ దాటిపోయింది. ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతోంది.

అకాడమీలో చేర్పించిన రోజు ఆ మెమోని కవర్లో పెట్టి, "కాగితాలు జాగ్రత్త సార్" అని వార్డెన్ చేతికిచ్చింది కూడా అక్కే. సోమవారం ముగ్గురం ఆ న్యాయసహాయం కోసం జిల్లా కోర్టుకి పోతున్నాం. సెమినార్‌లో ఇచ్చిన జనపనార సంచిలో బాండ్ జిరాక్సుతో పాటు తన పాత ఫారం-2 కూడా పెట్టింది. ఎందుకక్కా అంటే మాట్లాడలేదు.